సుందరీ గ్రీవ: తల ఒరగకుండా మెడ పక్కకి ఎలా జరుగుతుంది?

అందెలచప్పుడు

ముప్పై నాలుగేళ్లకి కూచిపూడి మొదలుపెట్టాను, నవ్వకండి. శని, ఆదివారాలు క్లాసు. అడుగులు ఎలాగో పడుతున్నాయి కానీ గ్రీవాభేదాల, అంటే మెడ కదలికల, దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది. అభినయదర్పణం అనే నాట్యగ్రంథంలో తలకి తొమ్మిది కదలికలు చెప్పి మెడకి నాలుగే చెప్పారు: సుందరి, తిరశ్చీన, పరివర్తిత, ప్రకంపిత. ఆ నాలుగింట్లో మొదటిదే నాకు రావట్లేదు.

భుజాలు కదలకూడదు, తల ఒరగకూడదు, ముక్కు పక్కకి తిరగకూడదు. తల మాత్రం జరుపుడు తలుపులా కుడికీ ఎడమకీ జరగాలి. పక్కనున్న తొమ్మిదేళ్ల పిల్ల నవ్వుతూ చేసేస్తోంది. నేను చేస్తే చెవి భుజం మీదికి వాలుతోంది. నిన్న మా టీచర్ నా చెవులకి చెరోవైపు అంగుళం దూరంలో అరచేతులు పెట్టి "చెవితో నా చెయ్యి తాకమ్మా" అన్నారు. తాకాను, చెవితో కాదు, కణతతో.

స్కూల్లో మెడ దగ్గర బొంగరపు కీలు ఉంటుందని చదువుకున్నాం. బొంగరం తిరుగుతుంది, సరే. మరి పక్కకి జరపడానికి వేరే కీలేమైనా ఉందా? లేక ఇది పుట్టుకతో కొందరికే వచ్చే విద్యా?

లెక్కలమాష్టారు

బొంగరపు కీలు ఇంకా గుర్తుందంటే సంతోషం. లెక్కలతో పాటు చాలా ఏళ్లు సైన్సు కూడా నా నెత్తినే పెట్టారు. ఆ పాఠంలో బొమ్మంటే ఒక తలకాయ, మెడ, చుట్టూ ఒక బాణం గుర్తు, అంతే. పక్కకి జరగడం గురించి ఏ పిల్లాడూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

నాకు తెలిసింది చెప్తాను. మెడలో పూసలు 7. జిరాఫీకీ 7 మాత్రమే, కాకపోతే దాని పూస ఒక్కొక్కటీ పాతిక సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఒకసారి ఒక పిల్లాడు "బొంగరమైతే తల గిర్రున ఎందుకు తిరగదు సార్?" అన్నాడు. గుడ్లగూబని అడగరా అన్నాను. దానికి మెడలో 14 పూసలు, ఒక వైపుకి 270 డిగ్రీల దాకా తిప్పగలదు. మనకి 80 దాటితే గొప్ప.

మిగతాది ఎముకల సంగతి తెలిసినవాళ్లు చెప్పాలి.

ఓరుగల్లుఫిజియో

అందెలచప్పుడు గారూ, పక్కకి జరిపే కీలంటూ మెడలో లేదు. అయినా తల జరుగుతుంది. ఎందుకంటే మీకున్నది ఒక మెడ కాదు, రెండు. పై మెడ, కింది మెడ. రెండూ ఒకే మాట మీద ఉండాల్సిన పనిలేదు.

పై మెడ అంటే పుర్రె అడుగు, ఒకటో పూస, రెండో పూస. ఒకటో పూసని అట్లాస్ అంటారు. అది పూసలా ఉండదు, ఉంగరంలా ఉంటుంది. మిగతా పూసలకి ముందు వైపు ఉండే దిమ్మె దీనికి లేదు, వెనక ముల్లూ లేదు. పైన రెండు గుంటలుంటాయి. పుర్రె అడుగునున్న రెండు గుబ్బలు ఆ గుంటల్లో కూర్చుంటాయి. "అవును" అన్నట్టు తల ఆడించేటప్పుడు ముందు కదిలేది ఈ కీలే.

రెండో పూస పేరు యాక్సిస్. దాని నుంచి పన్నులాంటి మొన ఒకటి పైకి లేచి అట్లాస్ ఉంగరంలోకి ముందు వైపు దూరి ఉంటుంది. ఆ పన్ను వెనక్కి జారకుండా అడ్డంగా ఒక గట్టి లిగమెంట్ కట్టేసి ఉంటుంది. జారితే వెనకున్నది వెన్నుపాము మరి. "కాదు" అన్నప్పుడు తలా అట్లాసూ కలిసి ఆ పన్ను చుట్టూ తిరుగుతాయి. మీ బొంగరపు కీలు ఇదే. మెడ మొత్తం తిరిగేదాంట్లో దాదాపు సగం ఈ ఒక్క చోటే జరుగుతుంది. ఈ రెండు కీళ్లలో డిస్కు, అంటే పూసల మధ్య ఉండే మెత్తటి దిండు, ఉండదు. మొదటి డిస్కు రెండో, మూడో పూసల మధ్య మొదలవుతుంది.

అక్కడి నుంచి కింది మెడ, ఏడో పూస దాకా. తల వంచి మెడ వెనక తడిమితే గట్టిగా పొడుచుకొచ్చి తగిలేది సాధారణంగా ఆ ఏడోదే. ఈ కింది పూసల వెనక చిన్న కీళ్లు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలుగా ఉంటాయి, సుమారు 45 డిగ్రీలు. ఆ వాలు వల్ల కింది మెడ కుడికి ఒరిగితే ఊరికే ఒరగదు, కాస్త కుడికి తిరుగుతుంది కూడా. రెండు పనులూ విడదీయలేం.

ఇప్పుడు సుందరి. తల కుడికి జరగాలంటే కింది మెడ కుడికి ఒరగాలి. అప్పుడు తల కూడా కుడికి వాలాలి కదా? వాలకుండా పై మెడ అదే క్షణంలో ఎడమకి ఒరుగుతుంది. కింది మెడ కుడికి తిరిగినంతా పై బొంగరం ఎడమకి తిప్పి సరిచేస్తుంది. అందుకే ముక్కు సూటిగా ఉంటుంది. చూసేవాళ్లకి తల గీత గీసినట్టు జరిగింది, లోపల మాత్రం పూసలు మెలిక తిరిగాయి.

మీ కణత ముందు తగిలిందంటే కింది మెడ పని చేసింది, పై మెడ దాని వెంటే పోయింది. పై రెండు కీళ్లూ పక్కకి ఒరిగేది ఒక్కోటీ 5 డిగ్రీలు అటూ ఇటూ, అంతే. కాబట్టి జరుగుడు కూడా కొంచెమే ఉంటుంది. మీ టీచర్ చెయ్యి అంగుళం దూరంలో పెట్టారు చూడండి, ఆవిడకి అనాటమీ తెలిసినా తెలియకపోయినా కొలత మాత్రం తెలుసు.

అందెలచప్పుడు

నోట మాట రాలేదండీ. అంటే ఇన్నాళ్లూ నేను "మెడ జరుపు" అని మెదడుకి చెప్తున్నాను. చెప్పాల్సింది "కింద కుడి, పైన ఎడమ" అని.

ఓరుగల్లుఫిజియో

అలా మాటల్లో చెప్తే ఒళ్లు వినదు. పై మెడ ఎక్కడుందో ముందు తెలియాలి. రెండు బొటనవేళ్లు పెడతల కింద, పుర్రె అంచు దిగే చోట, నడి గుంటకి చెరోపక్క పెట్టండి. మెత్తగా నొక్కి కళ్లు మూసుకోండి. తల కదపకుండా రెప్పల కింద కళ్లు మాత్రం కుడికీ ఎడమకీ తిప్పండి. ఇప్పుడే చేసి చెప్పండి.

చంద్రకళ_తెనాలి

అయ్యబాబోయ్! వేళ్ల కింద ఏదో చిన్నగా ఎగురుతోంది. తల కదల్లేదు, ఒట్టు. మా ఆయనకి కూడా పెట్టి చూశాను, ఆయనకీ అంతే.

ఓరుగల్లుఫిజియో

అవే చంద్రకళ అక్కా. పుర్రెకీ మొదటి రెండు పూసలకీ మధ్య చిటికెన వేలంత కండరాలు, ఒక్కో వైపు నాలుగు. తలని మోసే బరువు పని వీటిది కాదు. తల ఎటు చూస్తోందో మెదడుకి కబురు చేరవేయడం వీటి పెద్ద పని. సాగుదల పసిగట్టే తంతువులు వీటిలో మిగతా కండరాల కంటే చాలా ఎక్కువ. అందుకే కన్ను కదిలితే ఇవి ముందే సిద్ధమవుతాయి. నాట్యంలో మెడ కదలికకి ముందు చూపు నిలపమంటారు చూడండి, దానికీ దీనికీ సంబంధం ఉందని నా నమ్మకం. నమ్మకమే అంటున్నాను, శాస్త్రం అనట్లేదు.

మత్తుడాక్టర్

ఈ చర్చలోకి దూరకుండా ఉండలేకపోతున్నాను. నేను అనస్తీషియా డాక్టర్ని. మెడ రెండు మెడలన్న మాట మాకు రోజూ ఆపరేషన్ థియేటర్లో అన్నం పెడుతుంది.

మత్తిచ్చాక గొంతులోకి ట్యూబు వెయ్యాలంటే నోరు, గొంతు, శ్వాసనాళం చూపుకి వీలైనంత ఒక దారిలోకి రావాలి. కొత్తగా చేరిన పీజీలు తల మొత్తాన్ని వెనక్కి వంచేస్తారు, ఏమీ కనపడదు. చెయ్యాల్సింది తల కింద ఒక గట్టి దిండు పెట్టడం. దాంతో కింది మెడ ముందుకి వంగుతుంది. ఆ తర్వాత పుర్రెని మాత్రం వెనక్కి వాల్చాలి. కింద ముందుకి, పైన వెనక్కి. మనిషి మల్లెపూల వాసన చూడ్డానికి ముఖం ముందుకి చాచినట్టుంటుంది. మా పుస్తకాల్లో కూడా దాన్ని వాసన చూసే భంగిమ అనే అంటారు.

అందెలచప్పుడు గారు చెప్పిన నాలుగింట్లో ప్రకంపిత ముందుకీ వెనక్కీ కదిలేదే కదా? ముందుకి పోయినప్పుడు మీ మెడ నా ఆపరేషన్ బల్ల మీది మెడే. వెనక్కి లాగినప్పుడు సరిగ్గా తిరగబడుతుంది, కింది మెడ వెనక్కి, పై మెడ గడ్డం దించినట్టు ముందుకి.

అందెలచప్పుడు

అవును డాక్టర్ గారూ! ప్రకంపితకి ఆడపావురం మెడ కదిలినట్టు అని చెప్తారు. అది నాకు మొదటి రోజే వచ్చేసింది. ఎందుకో ఇప్పుడు అర్థమైంది, రోజంతా లాప్‌టాప్ ముందు మెడ చాచి చేస్తున్నది అదే!

లెక్కలమాష్టారు

పావురం మాటొచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. 1978లో పావురాన్ని ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూశారు. కాళ్లు నడుస్తున్నా చుట్టూ ఉన్నవి కదలకుండా కనిపించేసరికి తల ఆడించడం మానేసింది. అంటే అది నడకకి తాళం కాదు, చూపు నిలపడానికి. తల ఒకచోట నిలబెట్టి ఒళ్లు ముందుకి పోనిచ్చి, మళ్లీ తలని విసురుతుంది. ఫిజియో గారి నమ్మకానికి ఇది కొంచెం బలమేమో.

ఇంకొకటి. అట్లాస్ అంటే ఆకాశాన్ని మోసే గ్రీకు దేవుడట. మన తెలుగు పుస్తకాల్లో శీర్షధరం అని రాసేవాళ్లు, తలని ధరించేది అని. మనవాళ్లయితే ఆదిశేషుడని పెట్టేవాళ్లు.

చంద్రకళ_తెనాలి

డాక్టర్ గారూ, మీరున్నారు కాబట్టి అడుగుతున్నా. మా ఆయన కటింగ్‌కి వెళ్లినప్పుడల్లా తల మసాజ్ చేయించుకుని, చివర్లో మెడ పట్టుకుని అటొకసారి ఇటొకసారి టక్ టక్‌మనిపించుకుని వస్తారు. ముప్పై ఏళ్ల నుంచి అలవాటు. "నరాలు సెట్టయ్యాయి" అంటారు. నాకు ఆ చప్పుడు వింటేనే గుండె జారిపోతుంది.

మత్తుడాక్టర్

చంద్రకళ గారూ, ఆ చప్పుడు నరాలది కాదు, ఎముకలు రాసుకున్నదీ కాదు. కీలు సందులో ఉన్న ద్రవంలో ఒక్కసారిగా గాలి బుడగ ఏర్పడ్డం. 2015లో వేళ్లు విరుస్తూ ఎమ్మారై తీసి ఇది చూపించారు. చప్పుడు వల్ల వచ్చే భయం లేదు, ఆ విసురు వల్లే భయం.

మెడ ఆరో పూస నుంచి పైకి, ప్రతి పూసకీ రెండు పక్కలా ఒక్కో రంధ్రం ఉంటుంది. సూదిలోకి దారం ఎక్కించినట్టు వాటి గుండా రెండు రక్తనాళాలు మెదడు వెనక భాగానికి పోతాయి. అట్లాస్ దగ్గరికి రాగానే అవి అడ్డంగా వంపు తిరిగి పుర్రెలోకి దూరతాయి. తల ఎక్కువగా తిరిగేది అక్కడే, నాళం వంపు తిరిగేదీ అక్కడే. ఒక్కసారిగా విసిరితే నాళం లోపలి పొర చీలి, అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకి పోయే ప్రమాదం ఉంది. అరుదే. కానీ అరుదన్న మాట పక్షవాతం వచ్చినవాడికి ఓదార్పు కాదు.

మంగలి కుర్చీయే కాదు. బ్యూటీ పార్లర్లో తల కడిగేటప్పుడు మెడ వెనక్కి వాల్చి సింకు అంచు మీద పెడతారు. అలా స్ట్రోక్ వచ్చిన కేసుల మీద 1993లోనే అమెరికా వైద్య పత్రికలో రాశారు. 2022లో మన హైదరాబాద్‌లోనే యాభై ఏళ్ల ఆవిడకి ఇలా జరిగిందని పేపర్లలో వచ్చింది. 2017లో ఢిల్లీ వైపు ఒకాయనకి సెలూన్లో మెడ విరిపించుకున్నాక ఊపిరి అందలేదు. చూస్తే ఊపిరి ఆడించే కండరం డయాఫ్రమ్‌ని నడిపే నరం దెబ్బతింది. ఆ నరం మెడ 3, 4, 5 నరాల నుంచి పుడుతుంది. ఊపిరి ఛాతీలో తీసుకుంటాం, దాని స్విచ్చు మెడలో ఉంది.

తల మసాజ్ హాయిగా చేయించుకోమనండి. చివరి టక్‌కి మాత్రం "వద్దు బాబూ" అని లేచి వచ్చెయ్యమనండి.

చంద్రకళ_తెనాలి

ఫోన్ ఆయన చేతిలో పెట్టి చదివించాను. ఏమీ అనలేదు. మెడ తడుముకుంటూ వరండాలోకి వెళ్లిపోయారు.

డక్టుసూరి

అందరికీ నమస్తే. నేను దోహాలో ఏసీ డక్టులు బిగించే పని చేస్తాను, జగిత్యాల దగ్గర ఊరు. పొద్దంతా మెడ వెనక్కి వాల్చి సీలింగ్ చూస్తూ పని. మూడు నెలలుగా కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరి. ఇక్కడ ఎమ్మారై తీసి సి5, సి6 మధ్య డిస్కు బల్జ్ (ఉబ్బింది) అని రాసిచ్చారు. మా బావ ఫోన్ చేసి ఆపరేషన్ తప్పదు, లేకపోతే చెయ్యి పడిపోతుంది అన్నాడు. నిద్ర పడుతలేదు.

ఒక చిత్రం ఏందంటే, చెయ్యి ఎత్తి నెత్తి మీద పెట్టుకుంటే తిమ్మిరి తగ్గుతుంది. అందుకే రూముకి రాగానే అట్లనే కూసుంటున్న. చూసినోళ్లందరూ "ఏం మునిగిపోయింది సూరీ, నెత్తిన చెయ్యి పెట్టుకున్నవ్?" అని అడుగుతున్నరు.

ఓరుగల్లుఫిజియో

సూరి తమ్మీ, ముందు గట్టిగా ఊపిరి పీల్చుకో. నువ్వు చెప్పిన మూడు విషయాలూ ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తున్నయి.

మెడలో పూసలు 7, నరాల జతలు మాత్రం 8. మొదటి నరం అట్లాస్ పైనుంచే బయటికి వస్తుంది కాబట్టి ఒకటి ఎక్కువైంది. అందుకే అయిదో, ఆరో పూసల మధ్య సందులోంచి వచ్చేది ఆరో నరం. ఆరో నరం బొటనవేలు వైపు పోతుంది, ఏడోది నడిమి వేలుకి, ఎనిమిదోది చిటికెన వేలుకి. నీ తిమ్మిరి, నీ ఎమ్మారై రెండూ ఒకే ఇంటి అడ్రసు చెప్తున్నయి.

మెడ వెనక్కి వాలిస్తే నరం బయటికొచ్చే సందు ఇరుకవుతుంది, ముందుకి వంచితే వదులవుతుంది. నీ పనిలో పొద్దంతా ఆ సందు మూసుకునే ఉంటుంది. చెయ్యి నెత్తి మీద పెట్టుకుంటే నరం మీద లాగుడు తగ్గుతుంది. అది పరీక్షగా మేం కూడా వాడతాం. నువ్వు నీ అంతట నువ్వే కనిపెట్టుకున్నవ్.

ఇక బల్జ్. ఆ మాటకి భయపడకు. జపాన్‌లో ఏ బాధా లేని 1,211 మంది మెడలకి ఎమ్మారై తీస్తే 87.6 శాతం మందికి డిస్కు బల్జ్ కనిపించింది, 2015లో ప్రచురించారు. ఇరవైల్లో ఉన్నోళ్లలో కూడా ఎక్కువమందికి ఉంది. ఫోటోలో ఉన్నదల్లా రోగం కాదు, నీ ఒంటికి కలిస్తేనే లెక్క. నీకు కలిసింది, అయినా ఇట్లాంటివి చాలావరకు ఆపరేషన్ లేకుండానే తగ్గుతయి.

మత్తుడాక్టర్

ఫిజియో గారి మాటకి ఒక్కటి కలుపుతాను సూరీ, ఇది జాగ్రత్తగా చదువు. నరం నొక్కుకోవడం వేరు, వెన్నుపాము నొక్కుకోవడం వేరు. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంటే, నడుస్తుంటే చెప్పు తెలియకుండా జారిపోతుంటే, కాళ్లు బిగుసుకుని తూలుతుంటే, తల వంచగానే వీపులోంచి కరెంటు పాకినట్టుంటే, మూత్రం పట్టు తప్పితే, చేతిలో బలం రోజురోజుకీ తగ్గుతుంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి పో. అవేమీ లేకపోయినా మూడు నెలలైంది కాబట్టి న్యూరో డాక్టర్ ఒకసారి చేత్తో పరీక్ష చెయ్యాలి, రిపోర్టు చూసి సరిపెట్టకూడదు.

డక్టుసూరి

గుండీలు మంచిగనే పెట్టుకుంటున్న సార్. చెప్పు జారుడు లేదు. ఫోర్‌మన్‌తో మాట్లాడి నిచ్చెన బదులు స్కాఫోల్డ్ అడుగుత, ఎత్తు పెరిగితే డక్టు కండ్ల ముందటికి వస్తది, మెడ వాల్చే పని తగ్గుతది.

ఓరుగల్లుఫిజియో

ఇది నేను చెప్పాల్సింది, నువ్వే చెప్పినవ్.

లెక్కలమాష్టారు

ఫోన్ చూస్తే మెడ మీద 27 కిలోలు పడతాయని మా మనవడు వాట్సాప్‌లో పంపాడు. తల బరువే అయిదు కిలోలు కదా, మిగతా 22 ఎక్కడినుంచి వచ్చాయి?

ఓరుగల్లుఫిజియో

2014లో ఒక అమెరికా సర్జన్ కంప్యూటర్ మోడల్ మీద వేసిన లెక్క మాష్టారూ, తల 60 డిగ్రీలు వంచితే 27 కిలోలు అని. బరువు పెరగదు. తల ముందుకి పోయేకొద్దీ వెనక కండరాలు ఎక్కువ బలంతో లాగి పట్టాలి, ఆ లాగుడు పూసల మీద పడుతుంది. బిందె చంకలో పెట్టుకోవడానికీ చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడానే. మనిషి మెడ మీద పెట్టి తూచింది కాదు. ఆ అంకె చూసి భయపడనక్కర్లేదు, అలా అని గంటలకొద్దీ వంగి కూర్చోమనీ అనను.

అందెలచప్పుడు

రెండు వారాలైంది, కబురు చెప్పకపోతే బాగుండదు.

ఫిజియో గారు చెప్పినట్టు ముందు పెడతల కింద వేళ్లు పెట్టుకుని కళ్లు తిప్పడంతో మొదలుపెట్టాను. తర్వాత అద్దంలో బొట్టు మీద చూపు నిలిపి, బొట్టు ఒరగకుండా తల జరపడం. అద్దం మీద స్కెచ్ పెన్నుతో అడ్డంగా ఒక గీత గీశాను, రెండు కళ్లూ ఆ గీత మీదే ఉండాలి. మొదటి వారం గీత మీద ఒక కన్నే ఉంది. నిన్న ఎడమకి వచ్చింది! చెవే టీచర్ అరచేతికి తగిలింది. కుడికి ఇంకా కణతే. పక్కనున్న పిల్లని "నీకెలా వచ్చిందే?" అని అడిగితే "ఏమో ఆంటీ, పాములా అనుకుంటే వచ్చేస్తుంది" అంది.

ఓరుగల్లుఫిజియో

మీరు ల్యాప్‌టాప్ పక్కన రెండో స్క్రీన్ పెట్టుకుంటారా? ఏ వైపు?

అందెలచప్పుడు

ఎడమ వైపు. మీకెలా తెలుసు?!